గ్రామసభ: ప్రత్యక్ష ప్రజాస్వామ్యము
ప్రజలు స్వయముగా కూడి తీర్మానించుకొనుటకు రాజ్యాంగము గుర్తించిన వేదిక గ్రామసభ. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ ననుసరించి, రాజ్యాంగపు 243(బి) అధికరణము దాని నిర్వచనమును, 243-ఎ అధికరణము దాని అధికారములను తెలుపుచున్నవి. గ్రామ ఓటర్ల జాబితాలో పేరున్నవా రెల్లరును, స్త్రీపురుష భేదము లేక, సభ్యులే.

ఇట్టి సభలకు ఉదాహరణముగా, 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీలలో, ఉపాధి హామీ పనుల ఆమోదమునకై, ఒకే దినమున గ్రామసభలు జరుగగా, ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ పూర్వపు కడప జిల్లాలోని రైల్వే కోడూరు మండలమందలి మైసూరవారిపల్లె సభయందు పాల్గొనిరి.

ఇట్టి పనుల యెంపికయందు, వానలు చాలని కర్నూలు, కడప సీమలలో ఏ చెరువు పూడిక ముందు తీయవలెనో, ఏ చేనిలో పంటకుంట త్రవ్వవలెనో చక్కగా నెరిగినవాడు ఆ యూరి రైతు; కావున ఆతని మాట తీర్మానముల పుస్తకమున కెక్కుటయే స్వపరిపాలనకు ప్రాణము.