ఆయిల్ ఇంజన్ మొరాయిస్తోందా? హ్యాండిల్ పట్టేముందు ఇవి చూడండి

జూన్‌లో తొలకరి పడగానే పాకలో ఓ మూలకు నెట్టిన ఆయిల్ ఇంజన్‌ను చాలామంది రైతులు మళ్లీ బయటికి తీసేది నవంబరు, డిసెంబరు నెలల్లోనే. డెల్టా శివారు భూముల్లో, గోదావరి లంకల్లో, ఏటి ఒడ్డు చేలల్లో కరెంటు మోటారు లేని సన్నకారు రైతుకు రబీ పైరు మీద ఆశ అంతా దాని మీదే. తీరా తడి పెట్టాల్సిన రోజున ఇద్దరు మనుషులు చెమటలు కారేలా తిప్పినా అది ఉలకదు, పలకదు. మెకానిక్‌కు కబురు పెడితే, ఆ వారంలో ఊళ్లో ఇంజన్లన్నీ ఒకేసారి మొరాయిస్తాయి కాబట్టి ఆయన ఏ మూడో రోజుకో గాని రాడు. ఈలోగా పైరు బెట్టకొస్తుంది. మొక్కజొన్న లాంటి పైరుకు పూత, పీచు దశలో తడి తప్పితే గింజ సరిగా కట్టదు. ఆ తర్వాత ఎన్ని తడులిచ్చినా పోయిన దిగుబడి తిరిగి రాదు.

అయితే ఇలా నిలిచి ఉండి మొరాయించే ఇంజన్లలో చాలావాటికి జబ్బు పెద్దదేమీ కాదు. డీజిల్లో నీరు చేరడం, డీజిల్ దారిలో గాలి పట్టడం, ఫిల్టరు మూసుకుపోవడం, ఇలాంటివే ఎక్కువ. రెండు పానాలు, ఒక గాజు సీసా, కొంచెం శుభ్రమైన డీజిల్, శుభ్రమైన గుడ్డ ఉంటే మీరే చూసుకోవచ్చు. కావలసిందల్లా ఓపిక, వరస. వరస తప్పి ఏది పడితే అది విప్పితే చిన్న జబ్బు పెద్దదవుతుంది.

ఇంజన్‌కు కావలసింది మూడే

మోటారు సైకిల్‌కు ఉన్నట్టు డీజిల్ ఇంజన్‌కు ప్లగ్గు ఉండదు, నిప్పురవ్వ ఉండదు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో నడిపి చూపించిన ఇంజన్ సూత్రమే ఇప్పటికీ మన పొలంలో నడుస్తోంది. సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టన్ పైకి వచ్చి గట్టిగా నొక్కుతుంది. సైకిల్ పంపు కొడుతుంటే గొట్టం వేడెక్కడం మీకు తెలిసిందే. ఇదీ అంతే. అలా నొక్కిన గాలి బాగా కాగుతుంది. సరిగ్గా అప్పుడు నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చిమ్ముతుంది. ఆ వేడికి డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది.

అంటే శుభ్రమైన డీజిల్, తగినంత గాలి, గట్టి కంప్రెషన్, ఈ మూడూ ఉంటే ఇంజన్ స్టార్ట్ కావాల్సిందే. కాకపోతే ఈ మూడింట్లో ఏదో ఒకటి లోపించినట్టు.

ముందు తిప్పకండి, చూడండి

పాకలోంచి తీయగానే హ్యాండిల్ పెట్టి బలంగా తిప్పడం చాలామందికి అలవాటు. అది మంచిది కాదు. ముందు కింది నాలుగూ చూడాలి.

ఒకటి: ట్యాంకు కాక్ తెరిచి ఉందా? ఇంజన్‌ను ఆపే లివర్ నడిచే వైపు ఉందా? పోయిన వేసవిలో ఆపినప్పుడు ఆ లివర్‌ను అలాగే వదిలేసి ఉంటే, ఇప్పుడు ఎంత తిప్పినా చుక్క డీజిల్ లోపలికి పోదు.

రెండు: ఇంజన్ ఆయిల్. గేజి పుల్ల తీసి చూడండి. ఆయిల్ గీతకంటే తగ్గితే పోయాలి. గీత దాటి పెరిగితే దాంట్లో నీళ్లో, డీజిలో కలిసినట్టు. పాలు కలిపిన టీ రంగుకు తిరిగి ఉంటే నీళ్లు కలిసినట్టే. ఆ ఆయిల్‌తో ఇంజన్ నడిపితే బేరింగులు పోతాయి. అంతా దింపేసి కొత్తది పోయండి. నీరు ఎక్కడినుంచి వచ్చిందో మెకానిక్‌కు చూపించండి.

మూడు: సైలెన్సర్. దాని మూతి పైకి ఉండి, మూత లేకపోతే వాన నీరు నేరుగా దిగుతుంది. అప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఉంటే ఆ నీరు సిలిండరులోకే పోతుంది. గాలిని నొక్కవచ్చు గాని నీటిని నొక్కలేం. ఆ స్థితిలో బలంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది.

నాలుగు: ఎలుకలు, కందిరీగలు. గాలితో చల్లబడే ఇంజన్ అయితే రెక్కల మధ్య ఎలుక గూడు కట్టి ఉండవచ్చు. ఎయిర్ క్లీనర్ మూతిలో, ట్యాంకు మూత రంధ్రంలో కందిరీగ మట్టి పెట్టి ఉండవచ్చు. పుల్లతో పొడిచి లోపలికి తొయ్యకండి, బయటికి తీయండి.

ఈ నాలుగూ చూశాక డీకంప్రెషన్ లివర్ ఎత్తి పెట్టి, హ్యాండిల్‌ను నెమ్మదిగా పది చుట్లు తిప్పండి. సైలెన్సర్ నుంచి నీళ్లు చిమ్మితే ఆగేదాకా అలాగే నెమ్మదిగా తిప్పాలి. లివర్ ఎత్తినా హ్యాండిల్ కదలకపోతే మాత్రం ఆపేయండి. లోపల నీరు నిలిచిందో, తుప్పు పట్టి పిస్టన్ పట్టేసిందో అయి ఉంటుంది. అది మెకానిక్ పని. గడ్డపార వేసి తిప్పే ప్రయత్నం చేయవద్దు.

డీజిల్ దారి

సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ గాలి చేరి, రాత్రి చల్లదనానికి లోపలి గోడల మీద చెమట పట్టినట్టు నీరు పడుతుంది. అయిదారు నెలల్లో ఆ నీరు అడుగున చేరుతుంది. నీరూ డీజిలూ కలిసే చోట నాచు లాంటి జిగురు కూడా పెరుగుతుంది. ఫిల్టరును మూసేది అదే.

ట్యాంకు అడుగు నుంచి కొంత డీజిల్‌ను గాజు సీసాలోకి పట్టి అరగంట కదపకుండా ఉంచండి. డీజిల్ నీటికంటే తేలిక కాబట్టి నీరు అడుగుకు దిగి గీత గీసినట్టు కనిపిస్తుంది. నీరు కనిపించినా, జిగురు కనిపించినా ట్యాంకు మొత్తం దింపి, శుభ్రమైన డీజిల్‌తో కడిగి కొత్త డీజిల్ పోయాలి. పోసేటప్పుడు సన్నని జాలీ ఉన్న గరాటు వాడండి. పురుగుమందు డబ్బాతో డీజిల్ తేవద్దు.

తర్వాత ఫిల్టరు. కాగితంతో చేసిన ఫిల్టరు అయితే మార్చాల్సిందే, కడిగితే పనికిరాదు. గుడ్డ ఫిల్టరు అయితే శుభ్రమైన డీజిల్లో కడిగి వాడుకోవచ్చు.

గాలి తీయడం ఇలా

ట్యాంకు ఖాళీ చేసినా, ఫిల్టరు విప్పినా డీజిల్ దారిలో గాలి పడుతుంది. పంపు ఒత్తిడికి డీజిల్ కదులుతుంది గాని, మధ్యలో గాలి ఉంటే అది స్ప్రింగు లాగా నొక్కుకుని మళ్లీ ఉబ్బుతుంది. డీజిల్ నాజిల్ దాకా పోదు. దీన్నే ‘ఎయిర్ పట్టింది’ అంటారు. గాలి తీయడం ట్యాంకు నుంచి నాజిల్ వైపుకు, ఈ వరసలో చేయాలి.

మొదట ట్యాంకు కాక్ తెరిచి, ఫిల్టరు మీద ఉండే గాలి మర సగం చుట్టు వదులు చేయండి. బుడగలతో నురుగులా డీజిల్ వస్తుంది. బుడగలు ఆగి ధార సాఫీగా వచ్చాక, డీజిల్ కారుతుండగానే మర బిగించండి. కారడం ఆగాక బిగిస్తే మళ్లీ గాలి పోతుంది.

రెండోది, డీజిల్ పంపు మీది గాలి మర. అక్కడా అదే పద్ధతి.

మూడోది, నాజిల్ దగ్గర ఉన్న సన్న పైపు నట్టు. దాన్ని ఒక చుట్టు వదులు చేసి, డీకంప్రెషన్ లివర్ ఎత్తి, ఇంకొకరిచేత హ్యాండిల్ తిప్పించండి. నట్టు దగ్గర డీజిల్ ఆగి ఆగి ఉబుకుతుంది. బుడగలు పోయాక బిగించండి. మళ్లీ తిప్పితే నాజిల్ దగ్గర ‘కిర్రు కిర్రు’మని శబ్దం వినిపించాలి. ఆ శబ్దం వస్తే డీజిల్ సిలిండరులోకి చిమ్ముతోందని అర్థం. చాలా ఇంజన్లు ఇక్కడికే దారికొస్తాయి.

ఒక్క జాగ్రత్త. నాజిల్‌ను విప్పి బయట పెట్టి అది ఎలా చిమ్ముతుందో చూడాలని ఎదురుగా చెయ్యి పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి లోపలికి దిగుతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా చెయ్యి పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

గాలి, కంప్రెషన్

ఎయిర్ క్లీనర్ విప్పి చూడండి. ఆయిల్ పోసే రకం అయితే పాత మడ్డి తీసేసి, గీత దాకా కొత్త ఆయిల్ పోయాలి. గీత దాటించి పోయకండి.

ఇక కంప్రెషన్. లివర్ దించి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. ఒకచోట గట్టిగా ఎదురు తన్నాలి. తన్నకుండా సులువుగా తిరిగిపోతే గాలి ఎక్కడో జారిపోతోందన్నమాట. చెవి పెట్టి వినండి. ‘సుయ్’మనే శబ్దం ఎయిర్ క్లీనర్‌లో వినిపిస్తే గాలి లోపలికి వచ్చే వాల్వు, సైలెన్సర్‌లో వినిపిస్తే పొగ పోయే వాల్వు సరిగా మూసుకోవడం లేదు. ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగుల లోపం.

చాలాకాలం ఆగిన ఇంజన్లో సిలిండరు గోడలు ఎండిపోయి కూడా కంప్రెషన్ తగ్గుతుంది. గాలి పోయే దారిలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ మాత్రం వేసి, లివర్ ఎత్తి పది చుట్లు తిప్పి, మళ్లీ చూడండి. బలం వస్తే లోపం రింగుల వైపు ఉందని, రాకపోతే వాల్వుల వైపు ఉందని గుర్తు. చెంచాకు మించి వేయకూడదు.

పొగ చెప్పే మాట

తిప్పుతున్నప్పుడు సైలెన్సర్ వైపు చూడండి. పొగే రాకపోతే డీజిల్ లోపలికి అందడం లేదు. తెల్ల పొగ వస్తే డీజిల్ అందుతోంది గాని అంటుకోవడం లేదు. కంప్రెషన్ తక్కువైనా, డీజిల్లో నీరున్నా, నాజిల్ సరిగా చిమ్మకపోయినా ఇలా జరుగుతుంది. స్టార్ట్ అయ్యాక నల్ల పొగ వస్తే గాలి చాలక గాని, భారం ఎక్కువై గాని ఉంటుంది. నీలి పొగ తగ్గకుండా వస్తుంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది. ఆయిల్ చెంచాడు వేసినప్పుడు మొదట్లో కాసేపు నీలి పొగ వస్తే భయపడనక్కర్లేదు.

స్టార్ట్ అయి ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోతుంటే ట్యాంకు మూత వదులు చేసి చూడండి. అప్పుడు నడిస్తే మూత రంధ్రం మూసుకుపోయినట్టు. అప్పటికీ ఆగితే మళ్లీ ఫిల్టరు, పైపు కీళ్లు చూడాలి.

ఇవి మాత్రం చేయవద్దు

డీజిల్ పంపును విప్పకండి. లోపలి భాగాల మధ్య సందు వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. చిన్న ఇసుక రేణువు పడితే పంపు పోయినట్టే. నాజిల్ ఒత్తిడి సరిచేయడానికి ప్రత్యేక పరికరం కావాలి. వాల్వుల సందు కొలవడానికి ఫీలర్ గేజి, కంపెనీ పుస్తకంలోని కొలత ఉండాలి. ఈ మూడూ మెకానిక్‌కే వదలండి. కాని పైన చెప్పినవి మీరు చూసి ఉంటే, జబ్బు ఏ వైపు ఉందో ఆయనకు ముందే చెప్పగలరు. అవసరమైన సామాను వెంట తెచ్చుకుంటాడు. ఒక తిరుగుడు, ఒక రోజు కలిసొస్తాయి.

ఎయిర్ క్లీనర్‌లో పెట్రోలు పోయడం, మండే గుడ్డ పెట్టడం ప్రాణం మీదికి తెస్తాయి. హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటన వేలును చుట్టి పట్టుకోకుండా మిగతా వేళ్ల వైపే ఉంచాలి. ఇంజన్ ఎదురు తంతే బొటన వేలు విరుగుతుంది. తువ్వాలు, వదులు పంచె, చీర కొంగు బెల్టు దరిదాపుల్లో ఉండకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, బావిలో దించిన ఇంజన్. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంజన్ ఆగిందేమని బావిలోకి దిగిన మనిషి, అతన్ని లేపుదామని దిగిన మరో మనిషి, ఇలా ఒకరి వెంట ఒకరు ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఇంజన్ నడిచిన బావిలోకి, నడుస్తున్న బావిలోకి దిగవద్దు. ఇంజన్‌ను గట్టు మీదే పెట్టుకునే ఏర్పాటు చూసుకోండి. నీరు లోతులో ఉండి గట్టు మీది పంపుకు అందకపోతే వేరే రకం పంపు కావాలే గాని, ఇంజన్‌ను దించడం దారి కాదు.

వచ్చే వానాకాలానికి

రబీ తడులు అయిపోయాక ఒక పూట కేటాయిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇంజన్‌ను కాసేపు నడిపి, వేడిగా ఉన్నప్పుడే పాత ఆయిల్ దింపి కొత్తది పోయండి. ట్యాంకును పూర్తిగా నింపండి, లేదా పూర్తిగా ఖాళీ చేయండి. సగం మాత్రం ఉంచవద్దు. గాలి దారిలో చెంచా ఆయిల్ వేసి, లివర్ ఎత్తి నాలుగు చుట్లు తిప్పండి. తర్వాత లివర్ దించి, హ్యాండిల్ ఎదురు తన్నే చోట ఆపండి. అక్కడ రెండు వాల్వులూ మూసి ఉంటాయి, తేమ లోపలికి పోదు. సైలెన్సర్ మూతికి రేకు డబ్బా బోర్లించండి. బెల్టు తీసి వేరుగా పెట్టండి. నేల తేమ తగలకుండా ఇంజన్ కింద చెక్కలు వేయండి. పైన గోనె సంచి కప్పండి. ప్లాస్టిక్ కాగితం బిగించి చుడితే లోపల చెమట పట్టి తుప్పు వస్తుంది. పదిహేను రోజులకొకసారి లివర్ ఎత్తి నాలుగు చుట్లు తిప్పి, మళ్లీ ఎదురు తన్నే చోటే ఆపండి.

యంత్రాల వాడకం, మరమ్మతు పద్ధతిగా నేర్చుకోదలచిన రైతులకు, రైతు బిడ్డలకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఊరికొక్కరు నేర్చుకున్నా చాలామంది పైరు బెట్టకు రాకుండా నిలబడుతుంది.

ఈసారి ఇంజన్‌ను పైరు వాడిన రోజున కాకుండా, తడి అవసరానికి పది రోజుల ముందే బయటికి తీయండి. ఏదైనా సామాను కొనాల్సి వచ్చినా, మెకానిక్ కోసం ఆగాల్సి వచ్చినా చేతిలో రోజులుంటాయి.