చదువు ఫుట్‌బాల్‌ తర్వాతా, ఫుట్‌బాల్‌తో పాటా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి పదకొండో తరగతి. హైస్కూల్‌ అమెరికన్‌ ఫుట్‌బాల్‌ జట్టులో బాగా ఆడుతున్నాడు, కాలేజీ కోచ్‌లు కూడా వాకబు చేస్తున్నారు. ప్రొఫెషనల్‌ లీగ్‌ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడి తీరతానని, చదువు ఆ తర్వాత చూసుకుంటానని అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి

జవాబు: ఆట మాన్పించకండి. మాన్పించాల్సింది చదువును వాయిదా వేసే ఆలోచనని. ఆట ఎప్పుడు ముగుస్తుందో ఈ వృత్తిలో ఆటగాడి చేతిలో ఉండదు. లీగ్‌లో ఉన్నవి 32 జట్లు. సీజన్‌ మొదలయ్యేసరికి ఒక్కో జట్టు 53 మందినే ఉంచుకుంటుంది. ఏటా కాలేజీ ఆటగాళ్లను జట్లు ఎంచుకునే ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో సుమారు 250 మంది కొత్తవాళ్లు వచ్చిపడతారు, వాళ్లకు చోటు కావాలంటే పాతవాళ్లు లేవాల్సిందే. కాలేజీలో ఆడి డ్రాఫ్ట్‌కు అర్హులైనవాళ్లలో పైస్థాయికి చేరేది నూటికి ఇద్దరు కూడా ఉండరు. చేరినవాళ్ల సగటు కెరీర్‌ మూడేళ్ల పైచిలుకని ఆటగాళ్ల సంఘమే చెబుతోంది. అన్నీ కలిసొచ్చినా, పాతికేళ్లు దాటీ దాటకముందే మీవాడు రెండో బతుకుదెరువు వెతుక్కోవాల్సి రావచ్చు.

ఆ మూడేళ్ల సంపాదనే జీవితాంతం సరిపోతుంది కదా అని మీవాడు అనొచ్చు. 2025లో కొత్త ఆటగాడి కనీస జీతమే 8,40,000 డాలర్లు, తేలిగ్గా తీసిపారేసే మొత్తం కాదు. అయితే అది సీజన్‌లో వారం వారం జట్టులో నిలిచినవాడికి. సీజన్‌ మొదలవకముందే ఆగస్టులో తీసేస్తే ఆ జీతం రాదు. 1996–2003 మధ్య డ్రాఫ్టయిన ఆటగాళ్లను ఆర్థికవేత్తలు పరిశీలిస్తే, ఆట మానేసిన పన్నెండేళ్లలో దాదాపు 16 శాతం దివాలా పిటిషన్‌ వేశారని తేలింది. ఎక్కువ సంపాదించినవాళ్లకూ, ఎక్కువ ఏళ్లు ఆడినవాళ్లకూ ఆ ముప్పు పెద్దగా తగ్గలేదన్నదే నన్ను కలవరపెట్టే విషయం. మీవాడు టామ్‌ బ్రేడీని చూపించొచ్చు. అతడు 2000 డ్రాఫ్ట్‌లో 199వ ఆటగాడిగా ఎంపికై 23 సీజన్లు ఆడాడు, ఏడు సూపర్‌ బౌల్స్‌ గెలిచాడు. నిజమే, కానీ అలాంటి ఒక్కణ్ని చూసి ప్రణాళిక వేసుకోలేం.

రెండు పడవల మీద కాళ్లు పెడితే ఆట చెడుతుందన్నది ఇంతకంటే బలమైన వాదన. దీనికి చరిత్రలో మంచి జవాబులే ఉన్నాయి. 1971లో లీగ్‌ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన ఆలన్‌ పేజ్‌, ఇంకా ఆడుతుండగానే లా చదివి 1978లో పట్టా పుచ్చుకున్నాడు. 1993లో మిన్నెసోటా సుప్రీంకోర్టు న్యాయమూర్తయి రెండు దశాబ్దాలకు పైగా ఆ పదవిలో కొనసాగాడు. జాన్‌ ఉర్షెల్‌ బాల్టిమోర్‌ జట్టుకు ఆడుతూనే ఎంఐటీలో గణితంలో డాక్టరేట్‌ మొదలుపెట్టాడు. 2017లో, 26 ఏళ్ల వయసులో, మూడు సీజన్లకే ఆట వదిలాడు. అప్పటికే దారి సిద్ధంగా ఉంది కాబట్టే అంత నిబ్బరంగా వదలగలిగాడని నా నమ్మకం. ఆటతో పాటు చదువు పెట్టుకుంటే మూల్యం అసలే లేదని మాత్రం అనను. కాలేజీ ఆటగాడు మైరన్‌ రోల్‌ 2009 డ్రాఫ్ట్‌ను పక్కనపెట్టి ఆక్స్‌ఫర్డ్‌ వెళ్లాడు. మరుసటి ఏడాది ఆరో రౌండ్‌లో గానీ ఎంపిక కాలేదు, రెగ్యులర్‌ సీజన్‌లో ఒక్క మ్యాచ్‌ కూడా ఆడలేకపోయాడు. ఆ విరామం దెబ్బతీసిందనేవాళ్ల మాట కొట్టిపారేయలేం. తర్వాత వైద్యం చదివి న్యూరోసర్జన్‌ అయ్యాడు.

తల దెబ్బల సంగతీ ఉంది. 2017లో ప్రచురితమైన పరిశోధనలో 111 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్‌ ఆటగాళ్ల మెదళ్లను పరీక్షిస్తే 110 మందిలో, తలకు పదేపదే తగిలే దెబ్బలతో ముడిపడిన సీటీఈ అనే మెదడు జబ్బు కనిపించింది. అవి కుటుంబాలు దానమిచ్చిన మెదళ్లు, కాబట్టి అందరిదీ ఇదే గతని చెప్పలేం. అయినా తల ఎప్పటికీ దెబ్బ తినదన్న ధీమాతో చదువును వెనక్కి నెట్టడం ప్రమాదం. అందుకే ఈసారి కోచ్‌లు ఫోన్‌ చేసినప్పుడు, గాయపడితే స్కాలర్‌షిప్‌ ఉంటుందా, మీవాడు కోరుకునే సబ్జెక్టు ల్యాబ్‌లకు ప్రాక్టీసు అడ్డొస్తుందా, జట్టులో ఎంతమంది పట్టా పూర్తిచేశారు అని మీవాడి చేతే అడిగించండి. సూటిగా జవాబు చెప్పని కాలేజీని, మైదానం ఎంత పెద్దదైనా, జాబితాలోంచి తీసేయండి.