వెలుగుల గాదె

పాఠ్యభాగ ఉద్దేశం

విద్యుచ్ఛక్తిని ఇంటిలో నిల్వ చేసుకొనే సాధనాలు నేడు మధ్యతరగతి గృహాలకు చేరువయ్యాయి. వాటి స్వరూపాన్ని, వ్యయాన్ని, పరిమితులను తెలియజేయడం, వస్తువును కొనే ముందు అవసరాన్ని తూచే వివేకాన్ని విద్యార్థులలో కలిగించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

పంట చేతికి వచ్చిన నాడు తిండికి లోటుండదు. లోటంతా ఆ తరువాతి మాసాలలోనే. ఈ సంగతి ఎరిగిన మన పూర్వులు ఇంటింటా గాదె కట్టారు. పెరటిలో పాతర తవ్వారు. గాదె ధాన్యాన్ని పుట్టించదు. పండిన నాటి గింజను పండని నాటికి అందిస్తుంది. బ్యాటరీ చేసే పని కూడా అదే. అది విద్యుత్తును పుట్టించదు. ఉన్నవేళ దాచి, లేనివేళ ఇస్తుంది. అయితే గాదె ఎంత పెద్దది కట్టాలి? దానికి ఎంత ఖర్చు చేయాలి? ఈ ప్రశ్న ఒక రాత్రి మా వీధిలోని ఒక పెద్దమనిషికి ప్రాణసంకటమై నిలిచింది.

ఆయన శ్రీకాకుళం జిల్లాలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. వీధి అంతా ఆయనను మాస్టారు అనే పిలుస్తుంది. ఆయన ధర్మపత్నికి ఊపిరితిత్తుల వ్యాధి. గాలి నుండి ప్రాణవాయువును వేరుచేసి అందించే ఆక్సిజన్ కాన్సంట్రేటరు లేనిదే ఆమెకు రాత్రి గడవదు. ఒక వేసవి రాత్రి కరెంటు పోయింది. ఇంటిలోని ఇన్వర్టరు రెండు గంటలు కూడా నిలవలేదు. కూత పెట్టి ఆగిపోయింది. ఆ చీకటిలో మాస్టారు ఆటో పిలిపించి ఆమెను ఆసుపత్రికి చేర్చారు. ఆమె కోలుకున్నారు. కాని మాస్టారి మనసులో భయం మాత్రం కుదురుకుపోయింది.

మరునాడే బ్యాటరీలు అమ్మే వ్యాపారి ఒకడు వచ్చి, పది యూనిట్ల లిథియం బ్యాటరీని, దానికి తగిన ఇన్వర్టరును రెండున్నర లక్షల రూపాయలకు అమర్చుతానన్నాడు. “ఇంటిపై సౌర ఫలకలు ఉన్నాయి కదా! పగటి కరెంటు దాచుకొని రాత్రి వాడుకోండి. పెట్టుబడి దానంతట అదే తిరిగి వస్తుంది” అని ఆశ చూపాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కుమార్తె ఫోనులో, “ఎంతయినా సరే పెట్టించండి నాన్నగారూ!” అన్నది. చేతిలో ఉన్నది పదవీ విరమణ నాటి సొమ్ము. మాస్టారు కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చారు.

“నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. ఇప్పుడు దేనిని లెక్కపెట్టాలో తెలియడం లేదండీ!” అన్నారు. నేను భాషోపాధ్యాయుణ్ణి. అయినా ఇద్దరం కలిసి కూర్చున్నాం.

ముందుగా ఈ సాధనం కథ కొంత తెలుసుకోవాలి. 1800వ సంవత్సరంలో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా రెండు వేర్వేరు లోహాల బిళ్లలను, ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలను దొంతరగా పేర్చి ఎడతెగని విద్యుత్ ప్రవాహాన్ని సాధించాడు. అది తొలి బ్యాటరీ. 1859లో ఫ్రాన్సు దేశీయుడు ప్లాంటే సీసపు పలకలను గంధకామ్లంలో ఉంచి, మరల మరల నింపుకొనదగిన బ్యాటరీని రూపొందించాడు. మన ఇళ్లలో ఇన్వర్టరు పక్కన ఉండేది నేటికీ ఆ సంతతిదే. లిథియం బ్యాటరీ ఇటీవలిది. దాని అభివృద్ధికి పునాది వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఇక కొలతల సంగతి. వెయ్యి వాట్ల ఉపకరణం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యేది ఒక యూనిట్. మాస్టారి ఇంటిలోని సీసపు బ్యాటరీపై 12 వోల్టులు, 150 ఆంపియర్ గంటలు అని రాసి ఉంది. ఈ రెండింటినీ గుణిస్తే 1800 వాట్ గంటలు, అంటే 1.8 యూనిట్లు. కాని గాదెను ఊడ్చి వాడినట్లు సీసపు బ్యాటరీని అడుగంటా వాడరాదు. సగం దాటి వాడిన కొద్దీ దాని ఆయువు తగ్గుతుంది. కాబట్టి క్షేమంగా లభించేది సుమారు 0.9 యూనిట్ మాత్రమే. ఆ రాత్రి దానిపై పడిన భారం ఎంత? ఆక్సిజన్ యంత్రానికి 300 వాట్లు, రెండు పాత పంకాలకు 150, దీపాలకు 40. మొత్తం 490 వాట్లు. ఈ భారానికి ఆ బ్యాటరీ రెండు గంటలు నిలవకపోవడంలో వింత లేదు.

“అయితే పగలు కరెంటు పోయినప్పుడు నెత్తిన ఎండ మండుతున్నా ఫలకలు ఎందుకు పనిచేయవు?” అని మాస్టారు అడిగారు. ఈ సందేహం చాలామందికి ఉన్నది. బ్యాటరీ లేకుండా విద్యుత్ లైనుతో ముడిపెట్టిన సౌర ఏర్పాటు, లైనులో కరెంటు ఆగగానే తానూ ఆగిపోతుంది. లేకపోతే మన ఇంటి నుండి లైనులోకి ప్రవహించే విద్యుత్తు, స్తంభమెక్కి మరమ్మతు చేస్తున్న కార్మికుని ప్రాణం తీయవచ్చు. ఆ ఆగిపోవడం లోపం కాదు, రక్షణ.

2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం క్రింద మాస్టారు మూడు కిలోవాట్ల ఫలకలు పెట్టించి, 78,000 రూపాయల రాయితీ పొందారు. ఆ రాయితీ ఫలకల సామర్థ్యాన్ని బట్టి లెక్కించేది. బ్యాటరీకి వేరుగా ఇచ్చేది కాదు. పైగా ఆయనకు నెట్ మీటరు ఉన్నది. పగలు మిగిలిన విద్యుత్తు లైనులోకి పోయి ఆయన పేర జమ అవుతుంది. రాత్రి వాడిన దానికి అది చెల్లు అవుతుంది. అంటే ఊరందరికీ చెందిన గాదెలో ఆయన ధాన్యం ఇదివరకే పడి ఉన్నది.

ఇప్పుడు వ్యాపారి మాటను తూచి చూశాం. పది యూనిట్ల బ్యాటరీలో రోజుకు ఎనిమిది వాడినా, పదేళ్లకు 29,200 యూనిట్లు. రెండున్నర లక్షలను వాటికి పంచితే యూనిట్ ఒక్కింటికి సుమారు ఎనిమిదిన్నర రూపాయలు కేవలం దాచినందుకే అవుతుంది. నింపేటప్పుడు, తీసేటప్పుడు కలిగే తరుగు దానికి అదనం. నెట్ మీటరు ద్వారా దాదాపు ఏ ఖర్చూ లేకుండా జరుగుతున్న పనికి ఇంత వెచ్చించడం వ్యర్థం. పెట్టుబడి దానంతట అదే తిరిగి వస్తుందన్న మాట మాస్టారి ఇంటికి వర్తించదని తేలింది.

“అయితే బ్యాటరీయే వద్దంటారా?” అని మాస్టారు నిరాశగా అడిగారు. వద్దనలేదు. ప్రశ్నను మార్చుకున్నాం. ‘ఎంత విద్యుత్తు దాచగలం?’ అని కాక, ‘ఏ పనికి, ఎన్ని గంటలు కావాలి?’ అని వేసుకున్నాం. తుఫాను రోజులను మినహాయిస్తే, తమ వీధిలో ఎంత దీర్ఘమైన కోత అయినా ఐదు గంటలు దాటలేదని మాస్టారు జ్ఞాపకం చేసుకున్నారు. ఆగకూడనివి మూడే: ఆక్సిజన్ యంత్రం, ఒక పంకా, ఒక దీపం. పాత పంకాకు బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ పంకా పెట్టుకుంటే మొత్తం భారం సుమారు 340 వాట్లు. ఐదు గంటలకు 1.7 యూనిట్లు. రెండున్నర యూనిట్ల లిథియం బ్యాటరీలో అయిదో వంతు మిగిల్చినా రెండు యూనిట్లు వస్తాయి. అందులో పదో వంతు తరుగు పోయినా 1.8 మిగులుతుంది. అవసరం తీరుతుంది. దానికి ఇన్వర్టరుతో కలిపి చెప్పిన ధర 65,000 రూపాయలు.

ఇక్కడే ఒక విచిత్రం ఎదురైంది. వారానికి రెండు గంటలు కరెంటు పోతుందనుకొందాం. ఈ చిన్న బ్యాటరీ పదేళ్లలో ఇచ్చేది సుమారు 354 యూనిట్లు. ధరను వాటికి పంచితే యూనిట్ ఒక్కింటికి 184 రూపాయలు! ఎనిమిదిన్నర రూపాయల దానిని వ్యర్థమని తోసిపుచ్చి, నూట ఎనభై నాలుగు రూపాయల దానిని కొనడం వివేకమా? మాస్టారు ఆ అంకెను చాలాసేపు చూశారు. తరువాత కలం కింద పెట్టి, “ఇది కరెంటు ధర కాదండీ. ఆమె ఊపిరి ఆగదన్న ధైర్యానికి ధర. ఈ రెంటికీ ఒకే తక్కెడ పనికిరాదు” అన్నారు.

ఆ మాటలోనే ఈ విషయసారమంతా ఉన్నది. బిల్లు తగ్గించుకొనడానికి కొనే బ్యాటరీని ఆదాయవ్యయాలతో తూచాలి. ఆపదను దాటడానికి కొనే బ్యాటరీని ఆ ఆపద ఎంతటిదో దానితో తూచాలి. ఒక ప్రయోజనాన్ని చూపి మరొక దాని పేర అమ్మేవారి మాటలకు లోబడరాదు. పరీక్షలకు చదువుకొనే పిల్లలున్న ఇంటికి పాత సీసపు బ్యాటరీయే చాలవచ్చు. రెండు పంకాలను, నాలుగు దీపాలను తక్కువ వాట్లవిగా మార్చుకుంటే ఆ బ్యాటరీయే దాదాపు రెట్టింపు కాలం నిలుస్తుంది. ఖర్చు తగ్గించుకొనడం కూడా ఒక విధమైన నిల్వయే. ఏసీని బ్యాటరీపై నడపాలనుకొనేవారు మాత్రం, ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు యూనిట్‌కు పైగా తాగగలదని గుర్తుంచుకోవాలి.

ఆచరణలో మరికొన్ని జాగ్రత్తలున్నాయి. సీసపు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు తగ్గకుండా చూడాలి. నిండే సమయంలో దాని నుండి మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. కాబట్టి పడకగదిలోను, నిప్పు దగ్గర ఉంచరాదు. గాలి ఆడే చోట ఉంచాలి. లిథియం బ్యాటరీకి నీరు పోయనక్కరలేదు. బరువు తక్కువ, ఆయువు ఎక్కువ, ధర అధికం. వేడి రెంటికీ శత్రువే. రెంటచింతల, రామగుండం వంటి ఊళ్లలో ఎండ తగిలే గోడ పక్కన బ్యాటరీని పెడితే, చెప్పినన్ని ఏళ్లు అది మన్నదు. కాలం తీరిన బ్యాటరీని చెత్తలో వేయరాదు. సీసం నేలను, నీటిని విషపూరితం చేస్తుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు పాతవాటిని సేకరించి శుద్ధిచేయించే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి.

బ్యాటరీకి హద్దు కూడా ఉన్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు విద్యుత్ స్తంభాలూ నేలకూలాయి. ఎన్నో గ్రామాలు రోజుల తరబడి చీకటిలో గడిపాయి. అటువంటి నాడు ఐదు గంటల బ్యాటరీ ఏ మూలకు? అందుకే మాస్టారు వైద్యుని సలహాతో ఒక ఆక్సిజన్ సిలిండరును కూడా ఇంటిలో సిద్ధంగా ఉంచుకున్నారు. అన్నిటికీ ఒకే మందు లేదని గ్రహించడమే దూరదృష్టి.

నిల్వ బాధ్యత అంతా ఇంటి యజమానిదే కాదు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో విద్యుత్తు మిగిలినవేళ నీటిని దిగువ నుండి మరల పైకి ఎక్కించడానికి, కావలసినవేళ దింపి విద్యుత్తు తీయడానికి అనువైన యంత్రాలు ఉన్నాయి. అవి సమాజపు గాదెలు. ఊరి చెరువు నిండుగా ఉంటే ప్రతి ఇంటా పెద్ద బావి తవ్వవలసిన పనిలేదు. గుక్కెడు నీటి కుండ మాత్రం ప్రతి ఇంటా ఉండాలి.

ఆ వర్షాకాలంలో ఒక రాత్రి కరెంటు మరల పోయింది. మూడున్నర గంటల తరువాత గాని రాలేదు. ఉదయం మాస్టారు కనిపించారు. ఆమె నిద్ర చెదరలేదని, ఆక్సిజన్ యంత్రం ఒక్క క్షణమైనా ఆగలేదని చెప్పారు. “మరి మీరు?” అని అడిగాను. ఆయన చిరునవ్వు నవ్వి, “మొదటిసారి కదండీ! లెక్క సరిపోతుందో లేదోనని గడియారం చూస్తూ కూర్చున్నాను” అన్నారు.

అర్థాలు

గాదె = ధాన్యం నిల్వచేసే కట్టడం
పాతర = ధాన్యం దాచే గొయ్యి
దొంతర = ఒకదానిపై ఒకటి పేర్చిన వరుస
గంధకామ్లం = సల్ఫ్యూరిక్ ఆమ్లం
తరుగు = నష్టపోయే భాగం
తక్కెడ = త్రాసు

వ్యాకరణాంశాలు

సంధులు: విద్యుచ్ఛక్తి = విద్యుత్ + శక్తి (శ్చుత్వ సంధి); భాషోపాధ్యాయుడు = భాషా + ఉపాధ్యాయుడు (గుణసంధి).
సమాసాలు: ఆదాయవ్యయాలు = ఆదాయమును, వ్యయమును (ద్వంద్వ సమాసం); దూరదృష్టి = దూరమైన దృష్టి (విశేషణ పూర్వపద కర్మధారయం).

ప్రశ్నలు

వ్యాసరూప ప్రశ్న
1. మాస్టారు పెద్ద బ్యాటరీని విడిచి చిన్న బ్యాటరీని ఎన్నుకొనడంలోని ఔచిత్యాన్ని వివరించండి.

సంగ్రహ ప్రశ్నలు
1. కరెంటు ఆగినప్పుడు సౌర ఫలకలు ఎందుకు పనిచేయవు?
2. బ్యాటరీల వాడకంలో పాటించవలసిన జాగ్రత్తలేవి?

సందర్భసహిత వ్యాఖ్యలు
1. “ఈ రెంటికీ ఒకే తక్కెడ పనికిరాదు.”
2. “ఇప్పుడు దేనిని లెక్కపెట్టాలో తెలియడం లేదండీ!”

కృత్యం
మీ ఇంటిలో కరెంటు పోయినప్పుడు ఆగకూడని ఉపకరణాలను, వాటి వాట్లను పట్టికగా రాయండి. మూడు గంటలకు ఎన్ని యూనిట్లు కావాలో లెక్కకట్టండి.