ఇంటి కొయ్యను తొలుచు పురుగులు: గుర్తింపు, నివారణ

ఖరగ్‌పూరు రైల్వే పట్టణమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున కర్మాగారపు పనులకై వచ్చినవారి సంతతి వీరిలో పెక్కురు. వానకాలపు చెమ్మ హెచ్చుగా గల ఈ ఊరిలో, ఒకనాటి ఉదయమున మంచము క్రింద పిండివంటి మెత్తని పొడి రాలియుండుట కనబడినచో, దానిని ఊడ్చివేసి ఊరకుండరాదు. అది కొయ్యను పురుగు తినుచున్నదనుటకు గుర్తు.

ఈ పురుగు మన పూర్వులకు క్రొత్తది కాదు. అది తొలిచిన గీతలు తలవని తలంపుగా అక్షరములవలె కనబడుటను బట్టియే ‘ఘుణాక్షర న్యాయము’ అను మాట పుట్టినది. బంగాళీ ఇరుగుపొరుగువారు నేటికిని దీనిని ‘ఘుణ్’ అనియే పిలుతురు.

గుర్తించు విధము

తల్లిపురుగు కొయ్యయందలి సన్నని రంధ్రములలో గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు లోలోపలనే కొయ్యలోని పిండిపదార్థమును తినుచు నెలల తరబడి పెరిగి, రెక్కలు వచ్చిన పిదప పైచెక్కను తొలుచుకొని బయటపడును. కావున మనకు కనబడు గుండ్రని రంధ్రము పురుగు ప్రవేశించిన ద్వారము కాదు, వెడలిపోయిన ద్వారము. చిన్నజాతి పురుగుల రంధ్రము ఒకటి రెండు మిల్లీమీటర్లుండును. నేలనుండి వచ్చు చెదలు ఇట్టి రంధ్రములు చేయవు. అవి మట్టిబారులు కట్టును.

పాత రంధ్రములున్నంత మాత్రమున పురుగు ఇంకను ఉన్నదని తలపరాదు. పొడిని తుడిచి, క్రింద నల్లని కాగితము పరచి, కొన్ని వారములు గమనింపవలెను. తెల్లని క్రొత్తపొడి రాలినచో పురుగు సజీవముగా నున్నట్లే.

రైలుపట్టాల క్రింద దీర్ఘకాలము నిలిచిన సాలకొయ్య స్లీపర్లను చూచినవారికి చేవ విలువ తెలియును. పొడి రాల్చు ఈ చిన్నపురుగులు చేవను తినవు. చేవదేరని వెలుపలి తెల్లకొయ్య, మామిడి, బూరుగు, వెదురు వీనికి ఆహారము. కొయ్యలోని పిండిపదార్థము ఏండ్లు గడచిన కొలది తరుగును గనుక, తాతలనాటి టేకు మంచముకంటె నిన్న కొన్న మామిడిచెక్క బల్లకే భయము హెచ్చు.

నివారణ

1. బెరడు, తెల్లకొయ్య ఉన్న సామాను కొనరాదు. పచ్చివెదురును కొన్ని వారములు నీట నానబెట్టి, ఆరిన పిదప వాడవలెను.

2. పురుగు పట్టిన వస్తువును తక్కినవానినుండి వేరుచేయవలెను. చిన్న వస్తువులను పాలిథీన్ సంచిలో బిగించి, ఫ్రీజరులో రెండు వారములుంచినచో పురుగు చచ్చును.

3. రంగు వేయని కొయ్యకు బోరాక్సు, బోరిక్ ఆమ్లము కలిపిన ద్రావణమును కుంచెతో పట్టించి, ఆరిన పిదప అన్ని వైపుల వార్నీషు వేయవలెను. వార్నీషు క్రొత్తగా గ్రుడ్లు పెట్టకుండ ఆపును గాని, లోపలి పురుగును చంపజాలదు. ఈ మందును వంటపాత్రలకు వాడరాదు, పిల్లలకు అందనీయరాదు.

ముఖ్యమైన హెచ్చరిక

పూర్వము కొయ్యకు వాడిన లిండేను మందు వాడకము 2013 నుండి మనదేశమున నిషిద్ధము. పాతడబ్బాలు ఇంట నున్నను వాడరాదు. ధాన్యమునకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను ఇంట ఎన్నడును పెట్టరాదు. చెమ్మ తగిలినంతనే వానినుండి వెలువడు వాయువు నిద్రించువారి ప్రాణములు తీయగలదు.

ఈ పురుగులు మనుష్యులకు రోగములను అంటింపవు. అవి చేయు నష్టము మెల్లగా జరుగును. విషము చేయు నష్టము ఒక్క రాత్రిలో జరుగును. కావున తొందరపడక, మొదట పొడిని పరీక్షించి, పిదప తగిన ఉపాయము నెన్నుకొనుడు.