ఎర్రనల్లిని తిను మిత్రనల్లి

ఎండలు ముదిరిన కొలది వంగ, బెండ ఆకుల అడుగున ఎర్రనల్లి చేరి, సన్నని గూడు అల్లి రసము పీల్చును. ఆకులపై తెల్లని చుక్కలు కనబడగానే మందు కొట్టుటకు తొందరపడరాదు. భూతద్దము పట్టి ఆకు అడుగు చూడుడు. గుండ్రని గ్రుడ్ల నడుమ మెల్లగా కదలునది ఎర్రనల్లి. మెరయుచు వడిగా పరుగెత్తునది దానిని, దాని గ్రుడ్లను తిని బ్రదుకు మిత్రనల్లి. దీని గ్రుడ్డు కోలగా, కొంచెము పెద్దదిగా నుండును. దీనిని కూడ పురుగే యనుకొని మందడుగు రైతులే ఎక్కువ!

పైరిత్రాయిడ్ మందులు కొట్టినచో మిత్రనల్లి నశించి, పిదప ఎర్రనల్లి విజృంభించును. ఐరోపాలో 1960 దశకము నుండి మిత్రనల్లిని పెంచి, గాజుఇండ్లలోని దోసపాదులపై వదలుచున్నారు. మన తోటలలో అది దానంతటదే వచ్చును, చంపకున్న చాలును.

అది కనబడినచో తోటకు తడి ఆరనీయక, నాలుగు రోజులాగి మరల చూడుడు. అది లేక ఎర్రనల్లి పెరుగుచున్నచో, నీటిలో కలియు గంధకము లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి సాయంకాలము పిచికారీ చేయవలెను.