గుర్రం ముక్కు నుండి రక్తం: రెండు చోట్ల మూయవలసిన ధమని

పశువైద్య విద్య గురించి విద్యార్థులకు ఉపయోగపడేలా ఏదైనా రాయమని బులెటిన్ వారు అడిగారు. కోర్సు వివరాలు రాస్తే ప్రాస్పెక్టసు చదివినట్లే ఉంటుంది. అందుకని నేను తరగతిలో చెప్పే ఒకే ఒక జబ్బును తీసుకుంటున్నాను. పదో తరగతి జీవశాస్త్రం చదివిన పిల్లలకు ఇది అర్థమవుతుంది. తల్లిదండ్రులు కూడా ఓపిగ్గా చదవగలరని మనవి.

మన చెవికీ గొంతుకూ మధ్య యూస్టేషియన్ నాళం అనే సన్నని గొట్టం ఉందని మీరు చదివే ఉంటారు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు దిబ్బళ్ళు పడితే గుటక వేస్తాము కదా, అప్పుడు తెరుచుకునేది ఇదే. గుర్రంలో ఈ నాళం మధ్యలో ఉబ్బి రెండు వైపులా రెండు గాలి సంచులుగా ఏర్పడింది. వీటిని గట్టరల్ పౌచ్‌లు అంటారు. పెద్ద గుర్రంలో ఒక్కొక్క సంచి 300 నుండి 500 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. గాడిదకూ ఉంది, ఆవుకు, గేదెకు, కుక్కకు లేదు. పరుగెత్తే గుర్రం మెదడుకు వెళ్ళే రక్తాన్ని ఈ గాలి చల్లబరుస్తుందని 2000లో కెనడా పరిశోధకులు 'నేచర్' పత్రికలో రాశారు. దాని మీద తరువాత వాదాలు నడిచాయి.

చిక్కు ఎక్కడంటే, మెదడుకు రక్తం తీసుకుపోయే అంతర కెరోటిడ్ ధమని ఈ సంచి గోడను ఆనుకొని, పలుచని పొర చాటున పోతుంది. మింగడానికి, గొంతు కదలడానికి కావలసిన నరాలు కూడా దాని పక్కనే ఉన్నాయి. తడిసిన ఎండుగడ్డి మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ జాతి బూజు ఒక్కొక్కసారి ఈ సంచిలో స్థిరపడి, సరిగ్గా ధమని మీదే పొర కట్టి, దాని గోడను మెల్లగా తినేస్తుంది.

అప్పుడు గుర్రం కొట్టంలో ఊరికే నిలబడి ఉండగానే ముక్కు నుండి, ఎక్కువగా ఒక వైపు రంధ్రం నుండి, రక్తం కారుతుంది. కాసేపటికి దానంతట అదే ఆగిపోతుంది. చూసుకునే మనిషి "వేడి చేసింది" అనుకొని చన్నీళ్ళు కొట్టి ఊరుకుంటాడు. ప్రమాదమంతా ఈ ఊరుకోవడంలోనే ఉంది. కొన్ని రోజులకో వారాలకో మళ్ళీ కారుతుంది. 500 కిలోల గుర్రంలో ఉండే రక్తం సుమారు 40 లీటర్లు. ధమని పూర్తిగా తెగితే ప్రాణం పోవడానికి ఎంతోసేపు పట్టదు. ఈ జబ్బుతో రక్తం కారిన గుర్రాలలో, వైద్యం చేయకపోతే, దాదాపు సగం చనిపోతాయని మా పాఠ్యపుస్తకాలు చెబుతాయి.

పందెపు గుర్రాలకు పరుగు తరువాత ముక్కు నుండి రక్తం రావడం వేరు. అది ఊపిరితిత్తుల నుండి వచ్చేది. పరుగు లేకుండా వచ్చిందంటే అనుమానించాలి. ఎండోస్కోప్ గొట్టాన్ని ముక్కులోంచి పంపి చూస్తే ఏ సంచి నుండి వస్తున్నదో తెలుస్తుంది. ఇంకొక జాగ్రత్త: గుర్రాల ముక్కు కారడానికి గ్లాండర్స్ అనే అంటురోగం కూడా కారణం కావచ్చు. అది మనుషులకూ సోకుతుంది. కాబట్టి వట్టి చేతులతో తుడవకూడదు.

బూజుకు మందు వేస్తే చాలదా అని మా విద్యార్థులు అడుగుతారు. మందు పని చేసేలోపు ధమని తెగవచ్చు. పోనీ, గుండె వైపు నుండి ధమనిని దారంతో కట్టేస్తే? అదీ చాలదు. మెదడు అడుగున ధమనులన్నీ కలిసి ఒక వలయంగా ఉంటాయి. దానికి విల్లిస్ వలయం అని పేరు. ఒక దారి మూస్తే, రెండవ వైపు ధమని నుండి రక్తం ఆ వలయం గుండా తిరిగి వెనక్కి వచ్చి అదే చిల్లు నుండి కారుతుంది. రెండు వైపుల నుండి నీళ్ళు వచ్చే పైపు పగిలితే ఒక్క వాల్వు కట్టి లాభమేమిటి? చిల్లుకు ఇటూ అటూ రెండు చోట్ల మూయాలి.

1980లో అమెరికాలో ఫ్రీమన్, డోనావిక్ అనే పశువైద్యులు ధమనిలోకి సన్నని గొట్టం పంపి, చిల్లు దాటిన తరువాత దాని కొసన ఉన్న బెలూన్‌ను ఉబ్బించి అవతలి వైపు మూసే పద్ధతిని ప్రచురించారు. మంచి ఆలోచనే గాని, గొట్టాన్ని కొన్నాళ్ళు లోపలే ఉంచాలి. గాయం చీము పట్టే భయం ఉండేది. అంతకు ముందే 1975లో మనుషుల వైద్యంలో జియాంటుర్కో అనే రేడియాలజిస్టు రక్తనాళాలను మూయడానికి చిన్న స్టీలు తీగ చుట్టలను వాడాడు. ఆ కాయిల్‌ను గుర్రం కెరోటిడ్ ధమనులలో వాడిన వివరాలను 2000లో ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయం వారు ప్రచురించారు. 2005లో ఫ్రాన్సులోని లియోన్ నుండి కూడా ఇలాంటి అనుభవం వెలువడింది.

గుర్రానికి మత్తు ఇచ్చి పడుకోబెడతారు. మెడ దగ్గర చిన్న కోత పెట్టి, ధమనిలోకి కాథెటర్ పంపుతారు. ఎక్స్‌రేలో కనిపించే మందు ఎక్కించి తెర మీద దారిని చూస్తారు. ఈ చూడడమే అన్నింటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. కొన్ని గుర్రాలలో ధమనికి పుస్తకంలో లేని అదనపు కొమ్మ ఉంటుంది. దాన్ని గమనించక వదిలేస్తే మళ్ళీ రక్తం కారుతుంది. ముందు చిల్లుకు అవతల, తరువాత ఇవతల కాయిల్ విడుస్తారు. తీగకున్న పోగుల చుట్టూ రక్తం గడ్డ కట్టి నాళం మూసుకుపోతుంది. ఇప్పుడు నిటినాల్ లోహపు ప్లగ్గులు కూడా వాడుతున్నారు. రక్త ప్రవాహం ఆగాక చాలా గుర్రాలలో బూజు కూడా క్రమంగా పోతుంది.

అయితే నరాలు అప్పటికే దెబ్బతిని, మింగలేని స్థితికి వచ్చిన గుర్రాన్ని కాయిల్ బాగు చేయదు. బాహ్య కెరోటిడ్ వైపు ధమనులను మూయవలసి వస్తే కన్ను పోయే ప్రమాదమూ ఉంది. పైగా దీనికి పెద్ద ఎక్స్‌రే యంత్రం, గుర్రానికి మత్తు ఇవ్వగల నిపుణులు కావాలి. మామూలు పశువుల ఆసుపత్రిలో జరిగే పని కాదు.

ఇటువంటి పని మీద మనసు పడితే దారి బి.వి.ఎస్సీ. అండ్ ఎ.హెచ్. డిగ్రీ. పి.యు.సి.లోనైనా ప్లస్ టూలోనైనా జీవశాస్త్రం తీసుకొని ఉండాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర ఏళ్ళు. ఆ తరువాత శస్త్రచికిత్సలో ఎం.వి.ఎస్సీ.

ఈలోగా మీకొక అభ్యాసం. ఒక కాగితం మీద రెండు కెరోటిడ్ ధమనులు, పైన వాటిని కలిపే వలయం గీయండి. ఎడమ ధమని మీద ఒక చిల్లు పెట్టి, రక్తం ఏయే దారుల్లో దాన్ని చేరగలదో బాణాలతో చూపించండి. ఇప్పుడు చిల్లుకూ అవతలి కాయిల్‌కూ మధ్య ఒక అదనపు కొమ్మ గీసి, మళ్ళీ బాణాలు వేసి చూడండి.