అంధపురంలో బంగారు పళ్ళెం: బౌద్ధం చెప్పిన వ్యాపార నీతి

బుద్ధుడు అందర్నీ వ్యాపారం మానేయమని చెప్పలేదు. జ్ఞానోదయం తర్వాత ఆయనకు ఆహారం సమర్పించి మొదటి ఉపాసకులైన తపుస్సుడు, భల్లికుడు ఇద్దరూ వర్తకులే. మన అమరావతి స్తూపానికి దానాలిచ్చినవాళ్ళలో సుగంధ ద్రవ్యాల వ్యాపారులు, చర్మకారులు కూడా ఉన్నారని అక్కడి శాసనాలు చెబుతున్నాయి. మరి ఇలాంటివాళ్ళకి బౌద్ధం నేర్పిన నీతి ఏమిటి? మూడు మాటల్లో చూద్దాం.

1. ఏది అమ్మకూడదు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. ఈ ఐదింటి వ్యాపారం ఉపాసకులు చేయకూడదని అంగుత్తర నికాయం చెబుతుంది.

2. వచ్చిన డబ్బు ఏం చేయాలి: దీఘ నికాయంలోని సిగాలోవాద సుత్తం సంపదను 4 భాగాలు చేయమంటుంది. ఒక భాగం అనుభవించడానికి, రెండు భాగాలు పనిలో పెట్టడానికి, ఒకటి ఆపదకు దాచుకోవడానికి. అంటే సగం మళ్ళీ పెట్టుబడే!

3. ఎదుటివాళ్ళతో ఎలా ఉండాలి: దీనికి సేరివాణిజ జాతకం చూడాలి. జాతక కథల్లో ఇది 3వది. కథ జరిగిన అంధపురం ఆంధ్రుల నగరమేనని కొందరు పండితుల అభిప్రాయం.

ఇద్దరు చిల్లర వర్తకులు తేలవాహ నది దాటి ఆ ఊరికి వస్తారు. వీధులు పంచుకుంటారు. ఒకడు తిరిగి వదిలేసిన వీధిలోకి రెండోవాడు వెళ్ళొచ్చు. ఒకప్పుడు బాగా బతికి చితికిపోయిన ఇంట్లో ఒక అవ్వ, మనవరాలు ఉంటారు. పిల్ల నగ అడిగితే అవ్వ మసిపట్టిన పాత పళ్ళెం ఇచ్చి, దీనికి ఏదైనా ఇవ్వమంటుంది. మొదటివాడు సూదితో గీసి చూస్తాడు. బంగారం! అయినా "ఇది అర కాసు కూడా చెయ్యదు" అని విసిరేసి పోతాడు, తర్వాత ఊరికే కొట్టేయొచ్చని. రెండోవాడు వచ్చి "అమ్మా, ఇది లక్ష చేస్తుంది, నా దగ్గర అంత లేదు" అంటాడు. ఉన్నదే ఇచ్చి తీసుకోమంటుంది అవ్వ. 500 నాణేలు, 500 విలువైన సరుకు ఇచ్చి, పడవ కూలికి 8 నాణేలు, త్రాసు, సంచి మాత్రం ఉంచుకుంటాడు.

ఇక్కడ నాకో సందేహం వచ్చింది. లక్ష వస్తువు వెయ్యికి దక్కింది కదా, మంచివాడికీ లాభమేగా? లాభమే. కానీ అవ్వకి తెలియకపోవడంలోంచి వచ్చిన లాభం కాదు. ధర తెలిశాకే ఆవిడ నిర్ణయించుకుంది. తప్పు లాభంలో లేదు, నిజం దాచడంలో ఉంది.

ఇదేం పాత కథ కాదు. బెంగళూరు వీధుల్లో ఇప్పటికీ పాత జరీ చీరలు కొంటామని వస్తుంటారు. జరీలో వెండి ఎంతుందో కొనేవాళ్ళకి తెలుసు, చీర తెచ్చిచ్చే అమ్మమ్మకి తెలియదు. ఇవాళ్టి వెండి ధర, జరీ తూకం ముందు చెప్పి, "ఇంకో షాపులో కూడా అడిగి రండమ్మా" అనేవాళ్ళు ఎంతమంది? ఆ చివరి మాట ముఖ్యం. ఎందుకంటే కథలో అవ్వని కాపాడింది ఒక మంచివాడి నిజాయితీ మాత్రమే కాదు, రెండోవాడు కూడా ఆ వీధికి రావచ్చన్న కట్టుబాటు కూడా. అది లేకపోతే ఆ పళ్ళెం మొదటివాడికే దక్కేది.

మనలో చాలామంది రేపు ఏదో ఒకటి అమ్మేవాళ్ళమే, ఫెస్ట్‌లో స్టాల్ అయినా, ఇంట్లోంచి చీరల వ్యాపారమైనా. ఎదుటి మనిషికి తెలియనిది మనకి తెలిసినప్పుడు ఏం చేస్తామన్నదే అసలు పరీక్ష.